పాదాల పరేడు

హెన్స్లీ ముసలాయన శవయాత్రలో ఎర్మిన్ గ్రీనిడ్జ్ తెల్ల బూటు ఎర్రబడింది. ఆ సంగతి దారికి రెండు పక్కలా నిలబడ్డ జనమందరికీ తెలిసింది, ఒక్క ఎర్మిన్‌కు తప్ప.

హెన్స్లీ 'మార్నింగ్ టైడ్' ఓడ మనిషి. నీళ్ల మొహం చూడని ఓడ అది. మా బార్బడోస్ దీవిలో ఇలాంటివి తాతల నాటి నుంచీ ఉన్నాయి. నేల మీద నడిచే ఓడలు. కెప్టెన్ ఉంటాడు, నావికులుంటారు, యూనిఫారాలుంటాయి, డోళ్లూ పిల్లనగ్రోవీ కలిసిన బ్యాండు ఉంటుంది. ఆ బ్యాండును 'ఇంజను' అంటారు. ఇంజను మోగితే ఓడ కదులుతుంది, అంటే మనుషులు అలల మీద ఊగినట్టు ఊగుతూ కవాతు చేస్తారు. తెలియనివాళ్లు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఓడలో పేరున్నవాడికి జబ్బు చేస్తే చూసేవాళ్లుంటారు, చస్తే మోసేవాళ్లుంటారు. నవ్విపోయేవాళ్లకు ఆ భాగ్యం ఉందో లేదో వాళ్లే చూసుకోవాలి.

ఎర్మిన్ ఆ ఓడకు నర్సు. నిజం నర్సు కాదు. ఆమె ఉద్యోగం బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండడం. ఓడలో మాత్రం తెల్ల గౌను, తెల్ల టోపీ, తెల్ల బూట్లు, భుజాన ఎర్ర శిలువ గుర్తున్న సంచీ. ఎండకు కళ్లు తిరిగినవాళ్ల కోసం ఆ సంచీలో పిప్పరమెంట్లు ఉండేవి. వాటిలో ముప్పాతిక వంతు ఎర్మినే తినేది.

చర్చి గేటు దగ్గర కెప్టెన్ సెల్విన్ బ్లాకెట్ చెయ్యెత్తి, "వాంగిల్ లో!" అని అరిచాడు. అది అన్నిటికంటే కష్టమైన విన్యాసం. తుఫానులో పడ్డ ఓడలా అందరూ మోకాళ్లు వంచి, నడుం నేలకు తగులుతుందా అన్నంత కిందికి దిగి, అక్కడే అటూ ఇటూ ఊగి, చెయ్యి ఆనకుండా పైకి లేవాలి. ఎర్మిన్ కిందికి దిగింది. వెనక వరసలోని వెర్నీస్ కళ్లు ఆ బూటు మీద పడ్డాయి.

"ఒసేయ్ ఎర్మిన్! కాలు చూస్కోవే!"

"నా కాలికేమే? నీకంటే బాగానే ఆడుతోంది."

"ఆడింది చాల్లే, నెత్తురు కారుతోందే తల్లీ!"

శ్మశానం గోడ మీద కూర్చోబెట్టి బూటు విప్పారు. ఎడమ కాలి చిటికెన వేలి కింద చర్మం ఊడి వచ్చింది. ఇరుకు బూటు మైలు పొడవునా కొరుకుతూనే ఉంది. ఎర్మిన్‌ను భయపెట్టింది నెత్తురు కాదు. ఆ పుండును వేలితో నొక్కి చూసుకుంది. నొప్పి లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. కాలు తనది కానట్టే ఉంది.

ఆమెకు షుగర్ ఉందని ఏళ్ల కిందటే తేలింది. భర్త డార్న్లీ బతికున్నన్నాళ్లూ అది చెప్పిన మాట వినే జబ్బుగానే ఉండేది. డార్న్లీ బస్సు డ్రైవరు. తెల్లవారకముందే ఆమెను లేపి సముద్ర స్నానానికి తీసుకెళ్లేవాడు. మెడలోతు నీళ్లలో నిలబడి ఇరుగుపొరుగు అందరి మీదా చాడీలు చెప్పుకుని, నవ్వుకుని, ఇంటికొచ్చి కాల్చిన సీమపనస కాయ తిని, ఎవరి పనికి వాళ్లు వెళ్లేవాళ్లు. అతను పోయాక సముద్రం దాకా ఒక్కతే వెళ్లడానికి ఎర్మిన్‌కు మనసొప్పలేదు. స్నానం మానేస్తే నిద్ర తప్పింది. నిద్ర పట్టక టీవీ ముందు కూర్చుంటే, ఖాళీ చేతికి కొబ్బరి రొట్టె దొరికింది. ఒళ్లు పెరిగితే మోకాళ్లు మొరాయించాయి, మోకాళ్ల వంకతో ఓడ డ్రిల్లులు ఎగ్గొట్టింది, డ్రిల్లుకు వెళ్లకపోతే మాట్లాడే మనిషి లేకుండా పోయింది, మనిషి లేని ఇంట్లో మళ్లీ కొబ్బరి రొట్టే తోడు. ముందు మనసు చెడి ఒళ్లు చెడిందా, ఒళ్లు చెడి మనసు చెడిందా అని అడిగితే ఎవరు చెప్పగలరు? రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నుయ్యి దిగాయి.

అలాగని మందు మానేసిందనుకునేరు. ఆమె లెక్కలో ఆమె చాలా జాగ్రత్త మనిషి. పెరటి కంచె మీద పాకే అడవి కాకర ఆకు దూసి, కషాయం కాచి, రోజూ పొద్దున్నే ముక్కు మూసుకుని గిన్నెడు తాగేది. అంత చేదు లోపలికి వెళ్లాక తీపి ఏం చేస్తుందని ధీమా. ఆ ధీమాతో రోజంతా చెరుకు పానకం, చీజ్ వేసి కాల్చిన మాకరోనీ, శనివారాల్లో చిలగడదుంప పుడ్డింగు. మా దీవిలో సగం మంది చేసే వైద్యం ఇదే. చేదు కషాయాన్ని పాపపరిహార పత్రంలా వాడుకుంటారు.

పాలీక్లినిక్‌లో కాళ్ల పుళ్లు చూసే సిస్టర్ ఆల్‌స్టన్ సన్నగా, ఎండు చేపలా ఉంటుంది. మాట కూడా అలాగే, ఉప్పగా.

"ఎప్పటి నుంచి స్పర్శ లేదు?"

"ఉందమ్మా. కొంచెం మొద్దుబారిందంతే."

సిస్టర్ ఆమెను కళ్లు మూసుకోమంది. కాసేపయ్యాక, "ఇప్పుడు ఎక్కడ తాకుతున్నాను?" అని అడిగింది.

"ఇంకా తాకలేదుగా?"

"నాలుగు చోట్ల తాకాను. కళ్లు తెరువు." ఎర్మిన్ కళ్లు తెరిచింది. "ఇదిగో చూడు, ఈ కాలికి నోరు పోయింది. దెబ్బ తగిలితే చెప్పలేదు. నువ్వే రోజూ అడిగి తెలుసుకోవాలి. ఒట్టి కాళ్లతో నడవకు. ఇరుకు బూట్లు వద్దు. పుండు మానేదాకా డాన్సు లేదు, సముద్రం అసలే లేదు."

"సముద్రం కూడానా?"

"ముఖ్యంగా సముద్రం."

ఇక్కడే ఎర్మిన్ తప్పు చేసింది. ఆ తప్పు చేయాలంటే మా దీవిలో పుట్టి ఉండాలి. మాకు జలుబు చేస్తే సముద్రం, నడుం పట్టేస్తే సముద్రం, మొగుడితో గొడవైతే సముద్రం. ఉప్పునీళ్లకు మానని పుండు ఉందంటే మా అమ్మమ్మలు సమాధుల్లోంచి లేచొచ్చి కొడతారు. మర్నాడు వెర్నీస్ తలుపు కొట్టి, "ఆ సిస్టర్ పిల్ల ఏ పుస్తకంలో చదివిందో! పదవే, రెండు మునకలేస్తే ఎండిపోద్ది," అంది. డార్న్లీ పోయాక ఎర్మిన్ సముద్రంలో దిగడం అదే మొదటిసారి. నీళ్లు హాయిగా ఉన్నాయి. ఏడుపొచ్చేంత హాయిగా ఉన్నాయి. వారమంతా వెళ్లింది. వారం తిరిగేసరికి కాలు ఉబ్బి, ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఆసుపత్రిలో పడింది.

చిటికెన వేలు తీసేశారు.

"ఇప్పటికి వేలితో సరిపెట్టాం," అన్నాడు సర్జను. "ఈ గాయం మూసుకుని, మళ్లీ తెరుచుకోకుండా ఉంటే పాదం నీది. తెరుచుకుంటే మాత్రం మడమ దాకా మాట్లాడుకోవాల్సి వస్తుంది."

ఇంటికొచ్చాక ఓడ మనుషులు వంతులవారీగా వచ్చారు. చేపల పులుసు తెచ్చారు, ఇల్లు ఊడ్చారు, ప్రార్థన చేశారు. కెప్టెన్ బ్లాకెట్ టోపీ చంకలో పెట్టుకుని వచ్చి మంచం పక్కన నిటారుగా కూర్చున్నాడు. వృత్తికి దర్జీ. ఓడలో ఉన్నప్పుడు మాత్రం సముద్రాలన్నీ తన జేబులో ఉన్నట్టుంటాడు.

"దిగులు పడకు ఎర్మిన్. నవంబరులో స్వాతంత్ర్య దినం కవాతుకి నీకు కుర్చీ వేయిస్తాను. నీడలో. పాత కాపులందరి పక్కనా."

"కుర్చీ ఎందుకు కెప్టెన్ గారూ? నేను వరసలో నడుస్తాను."

"మన ఓడ నియమం తెలుసుగా? వాంగిల్ లోలో చెయ్యి ఆనకుండా లేవలేనివాళ్లు ఒడ్డున కూర్చోవాలి. ఎవరికైనా అంతే."

ఆయన ప్రేమగానే చెప్పాడు. ఆ ప్రేమే ఆమెను కాల్చింది. ఒడ్డున కుర్చీలంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల కోసమే ఇన్నాళ్లూ ఆమె పిప్పరమెంట్లు మోసింది. తర్వాత వాళ్ల శవయాత్రల్లో ఆడింది. నడవాలి, వరసలోనే నడవాలి, కుర్చీలో మాత్రం కూర్చోకూడదు. ఆ ఒక్క కోరికా ఆమె గుండెల్లో మేకులా దిగింది.

కోరిక ఉంటే సరిపోతుందా? కట్టు మార్చేటప్పుడు ఎర్మిన్ మొహం గోడకు తిప్పుకునేది. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోమని సిస్టర్ ఆల్‌స్టన్ చెప్పింది. ఎర్మిన్ ఆ పాదాన్ని దుప్పటి కింద దాచింది. కనపడకపోతే లేనట్టే అనుకుంది. మాత్రలు గుర్తుంటే వేసుకుంది, లేకపోతే లేదు. ఎవరో తెచ్చిన కొబ్బరి రొట్టెను దిండు పక్కనే పెట్టుకుంది. ఆ రోజుల్లో ఆమెను చూసినవాళ్లెవరూ నవంబరు గురించి పందెం కాసి ఉండరు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనకే విసుగొచ్చింది. డార్న్లీ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి గుమ్మంలో, వెలుతురులో కూర్చుంది. దుప్పటి తీసి కాలు చాపింది. పాపం, పాదం ఏం చేసింది? పాలిపోయి, వేళ్లు ముడుచుకుని, తప్పు చేసిన కుర్రకుంకలా ఆమె వంక చూస్తోంది. ఎందుకో ఆమెకు కెప్టెన్ కవాతుకు ముందు చేసే తనిఖీ గుర్తొచ్చింది. బొత్తాలు, కాలర్లు, బూట్ల మెరుపు, ఒక్కొక్కరినీ తేరిపార చూస్తూ నడిచే ఆ నడక. ఎర్మిన్ గొంతు బొంగురు చేసి, "అటెన్షన్!" అని అరిచింది. వేళ్లలో ఒకటి రెండు కదిలాయి, మిగతావి కదల్లేదు.

"ఏమోయ్ బొటనవేలూ, కెప్టెన్‌వి నువ్వే బద్ధకిస్తే ఎట్లా? ఆ గోరేంటి, అంత పొడుగు? నువ్వు వెర్నీస్‌వి, నీకు పక్కవాళ్ల మీద పడడం అలవాటేగా, జరుగు. ఇక్కడెవరు, సెలవు పెట్టారా? సరే. గౌరవంగా రిటైరయ్యారని రాసుకుంటాం."

అని నవ్వింది. నవ్వు మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే మళ్లీ అద్దంలో అరికాలు చూసింది. మొదటిసారి సరిగ్గా చూసింది. గాయం అంచులు గులాబీ రంగులో దగ్గరకు వస్తున్నాయి. పాదం తన పని తను చేసుకుంటోంది, ఆమె సాయం లేకుండానే. ఎర్మిన్‌కు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున కూడా తనిఖీ జరిగింది, ఆ తర్వాత కూడా. తనిఖీ అంటే ముందు కడగాలి, వేళ్ల సందులు తుడవాలి, మడమకు మందు రాయాలి. వెలుతురు కోసం గుమ్మంలో కూర్చోవాలి. గుమ్మంలో కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగకుండా ఉంటారా? "ఏంటి పిన్నీ, కాలితో కబుర్లా?" అని ఒకరు, "నా కాలిక్కూడా ఓ మాట చెప్పత్తా, అస్తమానం రమ్ షాపుకే పోతోంది," అని ఇంకొకరు. వాళ్లకు జవాబు చెప్పడానికి ఎర్మిన్ తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. వెర్నీస్ రోజూ వచ్చి మెట్టు మీద కూర్చునేది, కాని చాలా రోజులు కాలి వంక చూడలేదు.

"నేనే కదే నిన్ను నీళ్లలోకి లాక్కెళ్లింది," అంది ఓ రోజు తల వంచుకుని.

"లాక్కెళితే వచ్చింది నేను. ఏడవమాకు. చేపలు తెచ్చావా, వట్టి చేతులేనా?"

చేపలు తెచ్చింది. ఇద్దరూ కలిసి ఆవిరి మీద ఉడికించుకుని, బెండకాయలతో తిన్నారు. పక్కన మనిషి ఉంటే దిండు పక్కన రొట్టె అక్కర్లేకపోయింది. పొద్దున లేవాల్సిన పని ఉంది కనుక టీవీ తొందరగా ఆపేసింది, ఆపేస్తే నిద్ర పట్టింది. నిద్ర పట్టిన మనిషికి మాత్రలు గుర్తుంటాయి, చిరాకు రాదు, పానకం మీద ధ్యాస తగ్గుతుంది. నుయ్యి దిగేటప్పుడు ఒళ్లూ మనసూ ఎలా చెయ్యీ చెయ్యీ పట్టుకున్నాయో, ఎక్కేటప్పుడూ అలాగే పట్టుకున్నాయి. కాకపోతే ఎక్కడం నెమ్మది.

నడుమ జారలేదని కాదు. డార్న్లీ పోయిన రోజు మళ్లీ వచ్చింది. దానికి తోడు రెండు రోజుల ముసురు. ఎర్మిన్ తలుపేసుకుని కొబ్బరి రొట్టె మొత్తం తినేసింది. ముక్క కాదు, మొత్తం. తనిఖీ లేదు, స్నానం లేదు. మూడో రోజు వెర్నీస్ తలుపు బద్దలయ్యేలా కొట్టింది.

"ఓడ మునిగిందా?"

"మునిగిందే."

"అయితే నీళ్లు తోడు. గుమ్మంలో నీ వేళ్లు ఎదురుచూస్తున్నాయి. సిగ్గులేదూ, సిబ్బందిని ఎండబెట్టడానికి!"

ఎర్మిన్ లేచింది. అంతకు ముందైతే ఒక్క రొట్టె పేరు చెప్పి నెల రోజులు పాడు చేసుకునే మనిషి. ఇప్పుడు రెండు రోజులతో సరిపెట్టింది. నన్నడిగితే ఆమె అసలు గెలుపు అక్కడే ఉంది. కవాతు చూసినవాళ్లు ఎవరూ ఒప్పుకోరు, అది వేరే విషయం.

గాయం మూసుకుంది. సిస్టర్ ఆల్‌స్టన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు కడుతున్నారు కట్టు?" అని అడిగింది. "నేనే," అంది ఎర్మిన్. సిస్టర్ ఎండు చేప మొహం మీద మొదటిసారి కాస్త తడి కనపడింది. వెడల్పాటి నల్ల బూట్లు రాసిచ్చింది. పడవల్లా ఉన్నాయవి. వాటిని వేసుకుని ఎర్మిన్ మొదట వీధి చివరి దాకా, తర్వాత చర్చి దాకా, తర్వాత సముద్రం దాకా నడిచింది. రబ్బరు చెప్పులతో నీళ్లలో దిగమని సిస్టరే చెప్పింది. నడుంలోతు నీళ్లలో నిలబడి మోకాళ్లు వంచి, లేచి, వంచి, లేచి, వాంగిల్ లో అభ్యాసం చేసింది. మొదట ఒంటి బరువు మోసే నీళ్లలో, తర్వాత వంటింటి గట్టు పట్టుకుని, తర్వాత గట్టు వదిలేసి.

అక్టోబరులో డ్రిల్లుకు వెళ్లింది. పడవ బూట్లకు తెల్ల రంగు పూసుకుని వెళ్లింది. కెప్టెన్ వరస వెంట తనిఖీ చేస్తూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగాడు.

"ఇవేం బూట్లు?"

"నా కాళ్లకు పట్టే బూట్లు కెప్టెన్ గారూ."

"యూనిఫారం బూట్లు కావు. సన్న బూట్లు లేకపోతే వరసలో చోటు లేదు. ఓడ పరువేం కాను?"

 ఎర్మిన్ అక్కడే నేల మీద సంచీ పరిచి, దాని మీద కూర్చుని ఎడమ బూటు విప్పింది. మేజోడు విప్పింది. పాదం అందరికీ కనపడేలా చాపింది. ఇంజను వాళ్లు కూడా డోళ్లు దించి చూశారు.

"మీ సన్న బూటు నా వేలు తిన్నది. పరువు కావాలంటే ఇంకోటి ఇమ్మంటారా? చెప్పండి, ఏది కావాలో."

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ మొహం మాడిపోయింది. "డ్రిల్లు రేపు," అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. నా పని అయిపోయింది, ఇక కుర్చీయే గతి అనుకుంది ఎర్మిన్. వెర్నీస్ దారి పొడవునా కెప్టెన్‌ను తిడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఎర్మిన్ గుమ్మంలో తనిఖీ చేస్తుంటే కెప్టెన్ బ్లాకెట్ వచ్చాడు. యూనిఫారం లేదు. టోపీ కూడా లేదు, బట్టతల ఎండకు మెరుస్తోంది. వచ్చి మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పాడు.

"నాకూ ఉంది ఎర్మిన్. షుగర్. ఎవరికీ చెప్పలేదు. ఏడాది నుంచి కుట్టు మిషను తొక్కుతుంటే పాదం తెలియట్లేదు."

"కషాయం తాగుతున్నారా?"

"రోజూ. గిన్నెడు."

"అందరం ఒకే గిన్నెలో పడ్డాం సెల్విన్," అంది ఎర్మిన్. చిన్నప్పుడు బళ్లో పిలిచిన పేరు, ఇన్నేళ్లకు నోట్లోంచి వచ్చింది. అద్దం తీసి ఆయన అరికాలి కింద పెట్టింది. మడమ మీద పగులు తప్ప పుండు లేదు. "అదృష్టవంతుడివి. సోమవారం నాతో క్లినిక్‌కి వస్తున్నావు. సిస్టర్ తిడుతుంది, పడాలి."

"పడతాను."

ఆ వారం డ్రిల్లులో కెప్టెన్ కొత్త ఆజ్ఞ చదివాడు. ఇకపై వెడల్పు బూట్లు ఎవరైనా వేసుకోవచ్చు, రంగు తెల్లగా ఉంటే చాలు. ఇంకా ఒకటి. కవాతుకు ముందు బొత్తాల తనిఖీ అయ్యాక పాదాల తనిఖీ ఉంటుంది, అది నర్సు చేస్తుంది. సణిగినవాళ్లు సణిగారు, కాని బూట్లు విప్పారు. ఒకరి మడమలో విరిగిన మేకు ముక్క దొరికింది, ఆ మహానుభావుడు దాంతోనే ఊరంతా తిరుగుతున్నాడు. వాంగిల్ లో నియమం మాత్రం కెప్టెన్ మార్చలేదు. మార్చమని ఎర్మిన్ అడగలేదు.

స్వాతంత్ర్య దినానికి ముందు శనివారం కవాతు. క్రికెట్ మైదానం చుట్టూ జనం. అరిటాకుల్లో ఉడికిన గుమ్మడికాయ కొంకీల వాసన ఊరంతా కమ్మేసింది. నీడలో కుర్చీలు వేశారు. వాటిలో ఒకటి ఖాళీగా ఉంది, అది ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఎర్మిన్ నేరుగా దాని దగ్గరికి వెళ్లి, నర్సు సంచీ ఆ కుర్చీలో పెట్టి, వరసలోకి వచ్చి నిలబడింది. జనంలో సిస్టర్ ఆల్‌స్టన్ కనపడింది. చేతులు కట్టుకుని నిలబడింది, పరీక్ష పెట్టే పంతులమ్మలా.

ఇంజను మోగింది. ఓడ కదిలింది. తెల్ల పడవల్లాంటి బూట్లు వరసగా లేచాయి, దిగాయి. మైదానం మధ్యకు రాగానే కెప్టెన్ చెయ్యెత్తాడు. ఆయన గొంతు కొంచెం వణికిందని వెర్నీస్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

"వాంగిల్ లో!"

ఎర్మిన్ దిగింది. మోకాళ్లు వంగాయి, తొడలు మండాయి. చిటికెన వేలు లేని వైపు పాదం ఒరిగింది, ఒళ్లు ఎడమకు తూగింది. జనంలో ఎవరో "అయ్యో!" అన్నారు. ఎర్మిన్ ఎడమ చెయ్యి నేల వైపు జారింది, గడ్డి కొసలు అరచేతికి తగిలాయి కూడా. ఆ చేతిని ఆమె వెనక్కి లాక్కుని నడుం మీద పెట్టుకుంది. బొటనవేలిని నేలకు గట్టిగా ఆనించి, "నిలబడరా కెప్టెన్," అంది పళ్ల బిగువున. నిలబడింది. డోలు అటు అంటే అటు, ఇటు అంటే ఇటు, ఆ లోతులోనే ఊగింది. పిల్లనగ్రోవి పైకి ఎగిసింది. దానితో పాటు ఎర్మిన్ గ్రీనిడ్జ్ లేచింది, చెయ్యి ఆనకుండా, నిట్రాటలా లేచింది.

మైదానం గోల పెట్టింది. కెప్టెన్ టోపీ తీసి గాలిలో ఊపాడు, అది యూనిఫారం నియమాలకు పూర్తిగా విరుద్ధం. సిస్టర్ ఆల్‌స్టన్ కట్టుకున్న చేతులు విప్పి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని రమ్ షాపు మగవాడిలా ఈల వేసింది. గుంపులోంచి ఒక కుర్రవాడు, "నర్సమ్మా, ఇంకా కిందికి!" అని అరిచాడు.

ఎర్మిన్ అటు తిరిగింది. ఆయాసంతో ఎగసిపడుతూ, చెమటతో తడిసి, నోరంతా నవ్వుతూ, ఆ మైదానం మొత్తానికీ వినపడేలా కేకేసింది.

"నావి తొమ్మిదేరా! పదీ ఉన్నవాళ్లు దిగండి చూద్దాం!"